ఒక్క చేతి వంట చెప్పిన పూలమ్మ

కొత్తవాడ పెద్దలారా, అక్కలారా, అన్నలారా. హనుమకొండ నుంచి, హసన్‌పర్తి నుంచి, కేసముద్రం నుంచి బస్సులూ రైళ్లూ ఎక్కి వచ్చిన మా పత్రిక పాఠకులారా. ఈ ఎండలో, ఈ రేకుల షెడ్డు కింద ఇంతమంది కూడారు. అందరికీ దండాలు. నా పేరు సారంగపాణి. హనుమకొండలో ఒక చిన్న ప్రెస్సు పెట్టుకొని నాలుగు పేజీల వారపత్రిక నడుపుతున్నాను. సభల్లో మాట్లాడటం నాకు చేతకాదు. ఒకచోట కుదురుగా నిలబడటం అంతకంటే చేతకాదు. మధ్యమధ్య ఈ మైకు వదిలి రెండడుగులు అటూ ఇటూ వేస్తే ఏమీ అనుకోకండి.

మనం ఒక మనిషిని పోగొట్టుకున్నాం. ఇవాళ్టికి పన్నెండు రోజులు. ఎవరిని పోగొట్టుకున్నాం? మామూలుగా ఇలాంటి సభలో ఈ ప్రశ్న ఎవరూ అడగరు. ఇవాళ సగం సభ అదే అడుగుతున్నది. నాకు వినపడుతూనే ఉంది.

ముందు కుర్చీల్లో కూర్చున్న అమ్మలు వచ్చినప్పటి నుంచీ ఆ దండ వేసిన పటం వైపు చూస్తున్నారు. ఈ ముసలామె ఎవరు, వరలక్ష్మి గారి పటం ఏది అని ఒకరి చెవిలో ఒకరు అడుగుతున్నారు. వెనక జంపఖానాల మీద కూర్చున్న కొత్తవాడ వాళ్లు ఇంకొకటి అడుగుతున్నారు. మా పూలమ్మ సభకు ఇంతమంది పట్నపు అమ్మలు ఎందుకొచ్చారు, ఆ వరలక్ష్మి ఎవరు అని. ఇద్దరూ అడగవలసింది నన్నే. చెప్తాను. ఆ రెండో వరసలో లేచిన అమ్మగారూ, తప్పు చోటికి వచ్చానని వెళ్లిపోకండి. మీరు సరైన చోటికే వచ్చారు. కూర్చోండి.

పదమూడేళ్లుగా మా పత్రిక మూడో పేజీలో వారం వారం ఇంటి చిట్కాలు, తేలిక వంటలు చదివారు మీరు. కింద పేరు చూశారు. శ్రీమతి వరలక్ష్మి, బి.ఏ. ఆమెకు ఉత్తరాలు రాశారు. పోయిన వారం నల్లగీతల మధ్య ఆమె కన్నుమూసిందని చదివి, కళ్లు తుడుచుకొని వచ్చారు. వినండి. వరలక్ష్మి అనే మనిషి లేదు. ఎన్నడూ లేదు. ఆ పేరు నేను పెట్టాను. ఆ బి.ఏ. కూడా నేనే ఇచ్చాను, ఏ యూనివర్సిటీనీ అడగలేదు. మీరు చదివిన ప్రతి చిట్కా, ప్రతి వంట, ఆ పటంలో ఉన్న పూలమ్మ చెప్పింది. కొత్తవాడలో జంపఖానాలు నేసే మొగిలయ్య భార్య. రాట్నం మీద కండెలు చుట్టిన మనిషి. సంతకం రాని మనిషి.

అదీ సంగతి. చెప్పేశాను. సగం బరువు దిగింది. మిగతా సగం కూడా వినండి.

డెబ్బయి నాలుగో సంవత్సరం మీకు గుర్తుందా? కిరసనాయిలు దొరకని రోజులు. డబ్బా పట్టుకొని తెల్లారకముందే లైన్లో నిలబడినవాళ్లు ఇక్కడ చాలామంది ఉంటారు. ఆ ఎండాకాలం నేత సంఘం వాళ్ల రసీదు పుస్తకాలు అచ్చు వేసి, ఇవ్వడానికి ఈ వాడకు వచ్చాను. మొగిలయ్య సంఘంలో పెద్ద. వాళ్ల ఇంటికి పోయేసరికి మిట్టమధ్యాహ్నం. ఆయన మగ్గం గుంటలో ఉన్నాడు. పూలమ్మ రాట్నం ముందు ఉంది. కుడి చెయ్యి చక్రం తిప్పుతున్నది, ఎడమ చెయ్యి పోగు పట్టుకొని ఉంది. అన్నం తిని పొమ్మన్నారు. పొయ్యి చూస్తే ఆరిపోయి ఉంది. బూడిద కూడా చల్లగా ఉంది. వీళ్లు మర్యాదకు పిలిచారు, వంట కాలేదు అనుకొని నేను లేచాను.

ఆమె లేవలేదు. కుడి చెయ్యి చక్రం మీద నుంచి తీసి, మూలనున్న గంపను దగ్గరికి లాక్కున్నది. గంపలో పాత జంపఖానా ముక్కలు, మధ్యలో నూలు పీచు, దాని మధ్యలో మూతపెట్టిన గిన్నె. మూత తీస్తే పొగలు. అన్నం మెతుకు మెతుకు విడివిడిగా ఉడికి ఉంది. పొద్దున ఎసరు మరిగాక బియ్యం పోసి, ఒక్క ఉడుకు రానిచ్చి, పొయ్యి మీద నుంచి దించి గంపలో చుట్టిపెట్టిందట. మిగతా ఉడుకు దానంతట అదే ఉడికిందట. ఇది ఎవరు నేర్పారమ్మా అని అడిగాను. ఆమె అన్న మాట ఇది. "ఎవ్వలు నేర్పుతరు సారు. గ్యాసునూనె లేదు, నాకు పొయ్యికాడ కూసునే టైమ్ లేదు. జంపఖానా చలికి మనిషిని కాపాడుతదంటె, అన్నాన్ని కాపాడదా అనుకున్న."

ఆ వారం అది మా పత్రికలో పడింది. ఆ తరువాత వారం మా ప్రెస్సుకు నలభై ఉత్తరాలు వచ్చాయి. అప్పటిదాకా మాకు వచ్చే ఉత్తరాలు రెండే రకాలు, పత్రిక అందలేదని ఒకటి, అందకపోయినా ఫరవాలేదని ఒకటి.

ఆమె పేరు ఎందుకు వేయలేదు? ఇవాళ మీరు అడగకపోయినా నన్ను నేను అడుగుతున్నాను. ఆ రోజు నాకు గట్టి కారణం ఉన్నట్టే అనిపించింది. హనుమకొండలో ఉద్యోగస్తుల భార్యలు, టీచరమ్మలు, కొట్టు యజమానుల ఇళ్లలో ఆడవాళ్లు ఈ పేజీ చదవాలి. చదువురాని నేత ఇల్లాలు చెప్పిందంటే ఎవరు చదువుతారు అనుకున్నాను. పూలమ్మతో కూడా అదే అన్నాను. ఆమె చక్రం తిప్పుతూనే, "మీ పత్రిక, మీ ఇష్టం సారు" అన్నది. నేను దానిని ఒప్పుకోవడం అనుకున్నాను. నాకు పనికొచ్చింది కాబట్టి అలా అనుకున్నాను.

అప్పటి నుంచి వారం వారం బుధవారం నేను వచ్చేవాణ్ని. ఆమె చెప్పేది, నేను రాసుకునేవాణ్ని. కూర్చోమనేది. నేను కూర్చోను, గడపలో నిలబడి రాసుకునేవాణ్ని. ఆమె బిడ్డ భారతి మీ ఉత్తరాలు చదివి వినిపించేది. ఇదిగో, ఇక్కడే ఉంది భారతి, ఇప్పుడు స్కూల్లో పంతులమ్మ. మీరు రాసిన ప్రతి ఉత్తరం ఆ రాట్నం చప్పుడులో రెండుసార్లు చదివారు, తెలుసా మీకు? మీకు జవాబు చెప్పే ముందు ఆమె నన్ను ఏమేం అడిగేదో తెలుసా? ఉత్తరం రాసినామెకు ఎన్ని పొయ్యిలున్నై. ఇంట్ల ముసలోళ్లున్నరా, పండ్లు లేనోళ్లున్నరా. నల్లా ఎన్ని గంటలకు వస్తది. నల్లా సంగతి తెలియకుండా ఆమె ఒక్క వంట చెప్పేది కాదు. నీళ్లు పట్టుకునే గంటలో పొయ్యి మీద పప్పు పెట్టమని చెప్తే ఆ పప్పు మాడుతుందని ఆమెకు తెలుసు. నాకు తెలియదు. బి.ఏ. వరలక్ష్మికి కూడా తెలియదు.

ఆమెకు ఒక లెక్క ఉండేది. ఒక్క పొయ్యి, ఒక్క గిన్నె, ఒక్క చెయ్యి. ఈ మూడింటితో అయ్యేదే ఆమె వంట. ఎడమ చెయ్యి పోగు వదిలితే నూలు చిక్కుపడుతుంది, కాబట్టి వంటకు మిగిలేది కుడి చెయ్యి ఒక్కటే. మీలో ఎందరి ఎడమ చేతిలో పిల్లలుంటారో, ఫైళ్లుంటాయో, చీపురుంటుందో ఆమె అడగకుండానే లెక్కవేసుకున్నది. పొయ్యి వెలిగించకుండా పచ్చిపులుసు ఎలా చేయాలో చెప్పింది. చింతపండు పిసికి, ఉల్లిగడ్డ తరిగి, జీలకర్ర నలిపి, మిరపకాయ దీపం మీద కాల్చి వేస్తే చాలన్నది. గిన్నెకు అద్ది కాల్చే సర్వపిండికి మాత్రం ఆ ఒక్క గిన్నె లెక్క సడలించింది, ఒకటి కాలాక గిన్నె చల్లారేదాకా ఎదురుచూడొద్దు, రెండు గిన్నెలు పెట్టుకొని ఒకటి కాలుతుంటే ఇంకొకదానికి పిండి అద్దమన్నది. మిరపకాయ తొడిమలు తీసి చేతులు మండితే నీళ్లతో కడగొద్దు, ముందు నూనె రాయమన్నది. అల్లం ఎల్లిగడ్డ ముద్దలో ఉప్పూ నూనే కలిపితే వారం నిలుస్తుందన్నది. మీ ఇళ్లల్లో ఇవాళ పొద్దున కూడా వీటిలో ఒకటి చేసే ఉంటారు. చెయ్యలేదని చెప్పేవాళ్లుంటే చెయ్యెత్తండి. ఎవరూ ఎత్తలేదు.

ఇక తొక్కు సంగతి. కొత్తవాడ వాళ్లు అప్పుడే నవ్వుతున్నారు. నవ్వండి, సంతాప సభ అయితే ఏమైంది, ఆమె కూడా నవ్వింది. మా ప్రూఫ్ రీడర్ వెంకటేశ్వర్లు గారు గుంటూరు వైపు నుంచి వచ్చిన మనిషి. మంచివాడు, తప్పు కనపడితే నిద్రపట్టని మనిషి. ఒక వారం పూలమ్మ పప్పు తొందరగా పుల్లగా కావాలంటే ఏం చేయాలో చెప్పింది. ఉడికిన పప్పులో రెండు చెంచాల చింతకాయ తొక్కు కలపమన్నది. తొక్కు అంటే మనకు దంచిపెట్టుకున్న పచ్చడి. ఆయనకు అలాంటి మాట ఒకటుందని తెలియదు. ఇది అచ్చు తప్పు అనుకొని దిద్దాడు. చింతకాయ తొక్క అని దిద్దాడు. తొక్కు తొక్క అయింది, పచ్చడి పోయి పెంకు వచ్చింది.

అది చదివి హసన్‌పర్తిలో ఒక టీచరమ్మ చింతకాయ పెంకులు ఏరి, కడిగి, దంచి పప్పులో వేసింది. భర్త తిన్నాడట. మాట్లాడకుండా తిన్నాడట. కొత్త పెళ్లి అయి ఉంటుంది. ఉత్తరం రాసింది, వరలక్ష్మి గారూ, పెంకులు ఎంతసేపు ఉడికినా మెత్తబడటం లేదు, మీ ఇంట్లో ఎలా మెత్తబడుతున్నాయి అని. ఆ ఉత్తరం విని పూలమ్మ చక్రం ఆపి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. మరునాడు ఒక గిన్నెలో తొక్కు, ఒక గిన్నెలో వేడి అన్నం కట్టుకొని ప్రెస్సుకు వచ్చింది. వెంకటేశ్వర్లు గారి ముందు పెట్టి, "అయ్యా, ఇది తొక్కు. తిని చూడుండ్రి, ఇగ ఎన్నడు మర్చిపోరు" అన్నది. ఆయన మూడుసార్లు అడిగి వేయించుకున్నాడు.

కాని పోయేముందు నా టేబుల్ దగ్గర ఆగింది. అప్పుడు నవ్వలేదు. "సారు, భారతి పత్రిక చదువుతాంటె వింటాన్న. నేను పుంటికూర అంటె మీరు గోంగూర రాస్తరు. నేను అలుగడ్డ అంటె బంగాళాదుంప రాస్తరు. పేరు మార్చిండ్రు, ఊకున్న. మాట గుడ మారిస్తె నేను చెప్పింది నాకే కొత్తగ వినవడుతాంది." నేను ఏమన్నానో తెలుసా? పత్రిక కట్టలు బస్సుకు ఎక్కించాలి పూలమ్మా, వచ్చే వారం మాట్లాడుకుందాం అన్నాను. నాకు ఎప్పుడూ ఏదో ఒక బస్సు ఉండేది.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇది చెప్పడానికే పన్నెండు రోజులుగా ఇంట్లో గది చివరి నుంచి చివరికి తిరుగుతున్నాను. మా ఇంటావిడను అడగండి.

ఎనభై ఒకటో సంవత్సరం ఎండాకాలం. చుట్టుపక్కల ఊళ్లలో పిల్లలకు వాంతులు, విరేచనాలు. దవాఖానలు నిండిపోయాయి. పూలమ్మ పెద్ద దవాఖానలో ఒక నర్సమ్మ దగ్గర అడిగి తెలుసుకొని చెప్పింది. చెంబెడు కాచి చల్లార్చిన నీళ్లలో చారెడు చక్కెర, మూడు వేళ్లకు వచ్చే చిటికెడు ఉప్పు కలిపి, పిల్లకు కొంచెం కొంచెం తాగించుకుంటూ దవాఖానకు తీసుకుపోవాలి. ఇంతే. ఆ వారం వెంకటేశ్వర్లు గారు సెలవు. ప్రూఫు నేను చూశాను. నిలబడి చూశాను, ఒక కాలు గడప బయట పెట్టి చూశాను. చారెడు ఉప్పు, చిటికెడు చక్కెర అని పడింది. రెండు మాటలు తారుమారయ్యాయి. నా కళ్ల ముందు నుంచి పోయింది, నేను పట్టుకోలేదు. తప్పు కంపోజిటరుది కాదు, నాది. ఇది నలుగురిలో చెప్పడం ఇదే మొదటిసారి.

శుక్రవారం పొద్దున భారతి చదువుతుంటే పూలమ్మ చక్రం ఆపిందట. మళ్లీ చదువు అన్నదట. మళ్లీ చదివితే, ఎడమ చేతిలో పోగు వదిలేసి లేచిందట. నూలు చిక్కుపడింది, ఆ చిక్కు మొగిలయ్య రెండు రోజులు తీశాడు. ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా ప్రెస్సుకు వచ్చింది. ఎటు పోవాలో తెలియక ప్రెస్సు చుట్టూ తిరిగాను. ఆమే అన్నది, "తిరుగుడు బంద్ చెయ్యుండ్రి. మీరు సైకిల్ మీద ఊరంత చూసుకోండ్రి. నేను కేసముద్రం పోతాన్న." ఎందుకు కేసముద్రం? అక్కడి పత్రికల కట్ట తెల్లవారుజామున రైలుకు పోయింది. ఆ రోజు అక్కడ యార్డులో మార్కెట్టు. మధ్యాహ్నం దాటితే రైతులు బండ్లు కట్టుకొని ఊళ్లకు పోతారు. పత్రిక వాళ్లతో పాటు ఇరవై ఊళ్లకు పోతుంది. ఆ తరువాత ఎవరినని వెతుకుతాం?

భారతిని వెంటబెట్టుకొని పోయింది. యార్డులో వడ్ల రాశుల మధ్య నిలబడి చెప్పింది. అన్నలారా, అక్కలారా, ఇయ్యాల్టి పత్రికల ఉప్పు చక్కెర మాట తప్పు పడ్డది, ఆ చిట్కా చెప్పింది నేనే అని. ఎవరు నమ్మాలి? చెప్పులు లేని మనిషి, రేగిన జుట్టు, కొంగుకు నూలు పీచు. ఒక అడ్తి దుకాణం గుమాస్తా పత్రిక విప్పి చదివాడు. "ఈడ వరలక్ష్మి, బి.ఏ. అని ఉన్నది. నువ్వేం చదివినవ్?" చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. భారతి ఏడ్చింది. మా అమ్మే చెప్పింది, మా అమ్మే చెప్పింది అని ఏడ్చింది. పిల్ల ఏడిస్తే ఎవరు వింటారు? పేరు ఆమెది కాదు. ఏ పేరు చెప్పి నమ్మించాలి? ఆ పేరు నేను తీసేశాను. ఆ ఎండలో ఆ యార్డులో ఆమెను చేతిలో ఏమీ లేకుండా నిలబెట్టింది నేను.

అప్పుడు ఆమె ఏం చేసింది? గుమాస్తాతో కొట్లాడలేదు. పక్కన చాయ్ హోటల్లో రెండు చెంబుల నీళ్లు, ఉప్పు, చక్కెర అడిగింది. అందరి ముందు పెట్టి, ఒక చెంబులో పత్రిక చెప్పినట్టు కలిపింది. ఇంకొక చెంబులో తాను చెప్పినట్టు కలిపింది. "నన్ను నమ్మకుండ్రి. మీ నాలికెను నమ్ముండ్రి" అన్నది. మొదటి చెంబు గుమాస్తా చేతిలో పెట్టింది. గుక్క తాగి ఉమ్మేశాడు. రెండోది ఒకరి తరువాత ఒకరు తాగారు. అప్పుడన్నది. "కన్నీళ్లంత ఉప్పగ ఉండాలె, అంతకు ఎక్కువొద్దు. కన్నీళ్ల రుచి తెల్వనోళ్లు ఎవ్వరన్న ఉన్నరా ఇక్కడ?"

ఎవరూ నవ్వలేదు ఈసారి. వడ్లు చెరిగే సమ్మమ్మ చేతిలో చాట పడేసి ఇంటికి ఉరికింది. పొద్దున ఎవరో చదివి చెప్తే విని, మనవరాలికి ఆ నీళ్లు పట్టమని కోడలికి చెప్పి వచ్చింది పాపం. పోయేసరికి కోడలు కలిపింది, పిల్ల నోట్లో పోస్తే ఊసేసింది. చెంబు ఇంకా నిండుగానే ఉంది. సమ్మమ్మ ఆ చెంబు పారబోసి, సరైన నీళ్లు కలిపి, తాగించుకుంటూ దవాఖానకు ఎత్తుకుపోయింది. పిల్ల బతికింది. సమ్మమ్మ ఇక్కడే ఉంది, ఆ స్తంభం పక్కన. ఒడిలో కూర్చున్నది ఆ మనవరాలే. పూలమ్మ ఆ రోజు పోకపోతే ఏమయ్యేదో ఆలోచించడానికి నాకు ఇప్పటికీ ధైర్యం చాలదు.

మరుసటి వారం నేను సవరణ వేశాను. పెద్ద అక్షరాలతో వేశాను. కింద ఏ పేరు వేశాను? చెప్పండి. భారతీ, నువ్వు తల దించుకోకమ్మా, దించుకోవలసింది నేను. వరలక్ష్మి, బి.ఏ. అనే వేశాను.

ఆ తరువాతి బుధవారం పూలమ్మ మొదటిసారి నన్ను ఒకటి అడిగింది. అన్నేళ్లలో అది ఒక్కటే అడిగింది. "సారు, నా పేరు ఎయ్యుండ్రి. గొప్పకు అడుగుతలేను. జిమ్మెదారికి అడుగుతాన్న. రేపు మళ్ల తప్పు పడితె, నేను ఎవ్వరినని చెప్పుకొని పోవాలె?" జిమ్మెదారి. ఆ మాట విన్నారా? మనలో పేరు అడిగేవాళ్లు ఎందుకు అడుగుతారు? దండకు అడుగుతారు, కుర్చీకి అడుగుతారు. ఆమె తప్పు పడితే నిలబడటానికి అడిగింది.

నేను ఏమన్నాను? చూద్దాం పూలమ్మా అన్నాను. మూడో పేజీలో స్థలం లేదు, పేరు మారిస్తే కింద ఇంకొక లైను పట్టి వివరం రాయాలి అన్నాను. అది అబద్ధం. నిజం ఏమిటంటే, ఏడేళ్లు లేని మనిషిని చూపించి చదివించానని మీకు తెలిస్తే మీరు నా ముఖం మీద పత్రిక విసిరికొడతారని భయపడ్డాను. ప్రకటనలిచ్చే కొట్లవాళ్లు నవ్వుతారని భయపడ్డాను. ఆమె పేరు కంటే నా ముఖం నాకు ఎక్కువైంది. మరి ఆరేళ్లు చూద్దాం, చూద్దాం అంటూ గడిపేశాను. ఆమె మళ్లీ అడగలేదు. కోపం చూపినా బాగుండేది. చిట్కాలు మానేసినా బాగుండేది. ఒక్క బుధవారం తప్పకుండా చెప్పింది, నేను రాసుకున్నాను, కింద ఆ పేరు వేశాను. ఆమె అడగకపోవడమే నన్ను ఇప్పుడు ఒక్కచోట కూర్చోనివ్వడం లేదు.

ఈ మధ్య ఆమెకు ఊపిరితిత్తుల్లో నూలు దుమ్ము పట్టిందన్నారు. దవాఖానలో ఇరవై రోజులున్నది. చివరి బుధవారం కూడా నేను నోటుబుక్కుతో పోయాను, చూడండి నా సిగ్గులేనితనం. ఆయాసపడుతూ చెప్పింది. దవాఖానలో ఉన్నవాళ్లను చూడ్డానికి పోతే పండ్లు కొనుక్కపోకండి, మంచం కింద కుళ్లుతున్నాయి. ఫ్లాస్కులో వేడినీళ్లు తీసుకుపోండి. దగ్గర ఉన్నవాళ్లు తిన్నారా లేదా అడగండి, వాళ్లకు అన్నం కట్టుకుపోండి. రాసుకోవడం అయిపోయింది. నేను మంచం పక్కన నిలబడ్డాను. ఇప్పుడు అడుగుతుంది, అడిగితే ఈసారి సరే అందాం అనుకున్నాను. ఆమె అడిగేదాకా ఆగాను, విన్నారా, నేనై చెప్పలేదు. "ఇగ పోండ్రి సారు, బస్సు టైమయితాంది" అన్నది. పోయాను. శనివారం పొద్దున కబురు వచ్చింది.

ఆ తరువాత కూడా నల్లగీతల మధ్య ఆ దొంగ పేరే వేశాను. పూలమ్మ అని వేస్తే మీరెవరూ రారనిపించింది. ఆ పత్రిక చూసి భారతి ప్రెస్సుకు వచ్చింది. గట్టిగా మాట్లాడలేదు. "సార్, సభల మా అమ్మ పేరు చెప్తరా, గా పేరు చెప్తరా? గా పేరు చెప్తె మేం రాము. ఇంట్లనే దీపం పెట్టుకుంటం" అన్నది. అప్పుడు నాకు అర్థమైంది, మిగిలింది ఈ ఒక్క సభే అని. ఇక్కడ కూడా తప్పించుకుంటే మీరంతా లేని మనిషి కోసం ఏడ్చి ఇళ్లకు పోతారు. ఉన్న మనిషి మట్టిలో కలిసిపోతుంది.

అందుకే ముందు కుర్చీల్లోని అమ్మలారా, మీరు నన్ను తిట్టండి. సభ అయ్యాక తిట్టండి, పత్రిక మానేయండి, నేను పడతాను. కాని వచ్చిన దుఃఖాన్ని వెనక్కు తీసుకుపోకండి. అది ఆమెదే. మీ ఇంట్లో మాడని పప్పు ఆమెది. మీకు మిగిలిన అరగంట ఆమెది. వెనక ఉన్న కొత్తవాడ వాళ్లారా, మీ వాడలో ఇంతకాలం కండెలు చుట్టిన మనిషి వేయి ఇళ్లలో గరిటె తిప్పిందని ఇవాళ తెలుసుకోండి. మొగిలయ్యా, నీకు నేను ఏం చెప్పను. నీ భార్య పేరు నా దగ్గర పదమూడేళ్లు ఉండిపోయింది.

ఇవాళ పొద్దున ప్రెస్సు తెరిచాను. కంపోజిటరును పక్కకు జరగమని, సీసపు అక్షరాల పెట్టె ముందు నేనే నిలబడ్డాను. ఈ వారం మూడో పేజీ అడుగున పెట్టడానికి ఆమె పేరు నా చేత్తో కూర్చాను. పూ. ల. మ. కింద ఒక మ ఒత్తు. అంతే. స్థలం లేదన్నానే, ఆ లైనులో ఇంకా సగం ఖాళీ మిగిలింది. గోడ గడియారం చూశాను. ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

ఆ నిమిషం పదమూడేళ్లుగా ఆమెకు ఇవ్వలేదు నేను. దయచేసి అందరూ లేవండి. పూలమ్మకు ఆ నిమిషం ఇప్పుడిద్దాం.